ఎర కనబడుతుంది, గాలం కనబడదు

కాలవ గట్టు మీద గాలం వేసి కూర్చున్న మనిషిని ఓ గంట సేపు గమనించండి. జెల్ల కావాలంటే వానపామును గుచ్చుతాడు. కొర్రమీను కావాలంటే కప్పపిల్లను కడతాడు. పిండిముద్దకు వచ్చే చేపకు పిండిముద్దే వేస్తాడు. ఏ చేప దేనికి లొంగుతుందో అతనికి తెలుసు. నీళ్లలో దిగి చేపతో కుస్తీ పట్టడు. చేపే వచ్చి నోరు తెరవాలి. బెండు ఒకసారి వణుకుతుంది, రెండోసారి వణుకుతుంది, మూడోసారి మునుగుతుంది. అప్పుడు గానీ కర్ర ఎత్తడు.

యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో శోధన గురించి చెబుతూ గ్రీకులో వాడిన ఒక క్రియ ఈ వేటకు సంబంధించినదే. ఎర చూపి పట్టుకోవడం అని దాని అర్థం. మనిషిని అలా లాగేది ఎవరి కోరికో కాదు, అతని సొంత కోరికే అంటాడాయన. ఆ 'సొంత' దగ్గర కాసేపు ఆగాలి. మన ప్రసంగాల్లో పాపం అనగానే సారా, పేకాట, సినిమా వస్తాయి. వాటి జోలికి పోనివాళ్లు ముందు వరసలో కూర్చుని గట్టిగా ఆమెన్ అంటారు. వాళ్లకు వేసే ఎర వేరు. ఒకరికి వేదిక మీద కుర్చీ, ఒకరికి పక్కవాళ్ల అమ్మాయి పెళ్లి చెడిందన్న కబురు, ఒకరికి రాత్రి పదకొండు గంటలకు చేతిలో ఫోను. కప్పపిల్లకు పడని చేప వానపాముకు పడుతుంది. అంతమాత్రాన అది మిగతా చేపల కంటే పవిత్రమైందని కాదు.

ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే. పాపం మీద గెలుపు ఆఖరి నిమిషంలో పళ్లు బిగించడంతో రాదు. బెండు మొదటిసారి వణికినప్పుడు మనం ఏం చేశాం, ఎవరికి చెప్పాం అన్న దాని మీద అది చాలావరకు తేలిపోతుంది. ఈ మాటను బైబిలు కథలతో, క్రైస్తవ చరిత్రలో ఈ పోరు చేసినవాళ్ల అనుభవంతో కలిపి మెల్లగా చూద్దాం.

శోధన పాపం కాదు

ముందుగా ఒక చిక్కుముడి విప్పాలి. తెలుగు బైబిల్లో 'శోధన' అన్న మాట రెండు పనులు చేస్తుంది. బంగారాన్ని పుటం పెట్టినట్టు మనిషిని పరీక్షించడమూ శోధనే, మనిషిని చెడుకు పురికొల్పడమూ శోధనే. గ్రీకు మూలంలోనూ రెంటికీ ఒకే మాట. అనువాదకులు పొరబడలేదు. ఒకే సంఘటనకు రెండు ముఖాలు ఉంటాయి. అపవాది వైపు నుంచి చూస్తే అది ఎర, దేవుడి వైపు నుంచి చూస్తే అది పుటం. అందులోంచి ఏమై బయటికొస్తామన్నది మన సమ్మతి మీద ఆధారపడి ఉంటుంది.

ఉపవాస ప్రార్థన కూడికలో ఏడ్చి ఒప్పుకుని ఇంటికొచ్చిన కుర్రాడు అదే రాత్రి పాత తలంపు మళ్లీ రాగానే బెంబేలు పడతాడు. 'నాది నిజమైన మారుమనస్సు కాదేమో' అనుకుంటాడు. ఆ దిగులే అతన్ని మళ్లీ పడేస్తుంది. ఎలాగూ చెడ్డవాణ్నే అనుకున్నాక జాగ్రత్త ఎందుకు? యేసు నలభై రోజులు అరణ్యంలో శోధింపబడ్డాడనీ, మనలాగే అన్ని విధాలా శోధన ఎదుర్కొన్నా పాపం చేయలేదనీ బైబిలు చెబుతుంది. శోధన రావడమే పాపమైతే ఆ మాటకు అర్థమే ఉండదు. పౌలు కొరింథీయులకు రాస్తూ, వాళ్లకు వచ్చిన శోధన మనుషులందరికీ వచ్చేదేనని గుర్తు చేశాడు. 'ఇలాంటి తలంపు నాకొక్కడికే' అనుకోవడం గాలానికి ఉన్న రెండో ముల్లు.

అలాగని 'తలంపే కదా' అని వదిలేయడానికీ లేదు. మోహపు చూపుతో చూసినవాడు హృదయంలో వ్యభిచరించినట్టేనని చెప్పింది యేసే. మరి గీత ఎక్కడ? తలుపు ఎవరైనా తట్టొచ్చు. తట్టినవాణ్ని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ పెట్టించడం మన చేతిలో పని. ఆదికాండం నాలుగో అధ్యాయంలో దేవుడు కయీనుతో మాట్లాడేటప్పటికి హత్య ఇంకా జరగలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది. పాపం వాకిట పొంచి పడుకుని ఉందనీ, దాన్ని ఏలుకోవలసింది నువ్వేననీ అప్పుడే హెచ్చరించాడు. బైబిల్లో పాపం అన్న మాట మొదట కనిపించేది అక్కడే. అదీ గడప దగ్గర.

తలంపు ఎక్కే మెట్లు

గడప నుంచి లోపలికి పాపం ఎలా వస్తుందో ఏడో శతాబ్దంలో సీనాయి కొండ దగ్గరి మఠానికి పెద్దగా ఉన్న యోహాను క్లిమాకస్ అనే సన్యాసి లెక్క కట్టి రాశాడు. మొదట తలంపు తాకుతుంది. తరవాత దానితో సంభాషణ. ఆ తరవాత సమ్మతి. ఆపైన మనసు దానికి బందీ అవుతుంది, పెనుగులాట సాగుతుంది. చివరికి అది అలవాటై ఎముకల్లోకి దిగుతుంది. మొదటి మెట్టులో దోషం లేదన్నది ఆయన తేల్చిన విషయం.

ఇది దగ్గరగా కనబడాలంటే ఒక ట్రెజరర్‌ను ఊహించుకుందాం. చిన్న సంఘం, పదేళ్లుగా జీతం లేని సేవ. ఆదివారం ఆరాధన అయ్యాక కానుకల సంచి ఆయన ఇంటికే వస్తుంది. లెక్కపెడితే 18,400 రూపాయలు. నోట్లకు రబ్బరు బ్యాండు వేసి బీరువాలో పెట్టాడు. సోమవారం బ్యాంకు సెలవు. మంగళవారం కొడుకు హాస్టలు ఫీజు 15,000 కట్టాలి. మంచం మీద వాలాక ఒక తలంపు తాకింది: డబ్బు ఇంట్లోనే ఉంది కదా. అక్కడి దాకా ఆయన తప్పేమీ లేదు.

తరవాత మాటలు మొదలయ్యాయి. 'పదో తారీఖున జీతం రాగానే పెట్టేస్తాను. ఎవరి సొమ్మూ తినడం లేదు. ఇన్నేళ్లు చేశాను, ఒక్క రూపాయి అడిగానా? దేవుడికి నా పరిస్థితి తెలీదా?' దేవుడి పేరు కూడా వాదనలోకి వచ్చేసింది. తెల్లారేసరికి నిర్ణయం అయిపోయింది. నోట్లకు వేసిన రబ్బరు బ్యాండు ఇంకా విప్పలేదు గానీ ఆయన మనసు విప్పేసింది. మంగళవారం ఫీజు కట్టాడు. పదో తారీఖున జీతం వచ్చింది, దానితోపాటే కరెంటు బిల్లూ, చిట్టీ వాయిదా వచ్చాయి. తరవాతి ఆదివారం పాట పాడుతున్నా లోపల లెక్కలు నడుస్తున్నాయి. మూడో నెలకు చెయ్యి దానంతట అదే సంచిలోకి వెళ్లింది, చిట్టాలో ఒక అంకె మారింది. ఆయన దొంగతనం చేయాలనుకున్న రోజు వెతికితే దొరకదు. అలాంటి రోజు అసలు లేదు.

ఇప్పుడు వెనక్కి నడవండి. మూడో నెలలో ఆయన్ని ఆపడానికి కన్నీళ్లు, ఉపవాసాలు, పంచాయితీ కావాలి. మంగళవారం ఉదయం ఆపడానికి గట్టి గుండె కావాలి. ఆదివారం రాత్రి అయితే ఒక ఫోను సరిపోయేది: 'అన్నా, ఫీజు కట్టాలి, చేతిలో డబ్బు లేదు, ఈ సంచి నా దగ్గర ఉంటే మంచిది కాదు, వచ్చి తీసుకెళ్లు.' అంతకంటే ముందే, కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టాలన్న నియమం ఉంటే ఆ ఫోను కూడా అక్కర్లేకపోయేది. పరిశుద్ధత అంటే మనకు మోకాళ్ల మీద ఉన్న మనిషి గుర్తొస్తాడు. రెండు సంతకాల చిట్టా కూడా పరిశుద్ధతే.

దావీదు మేడ, యోసేపు పరుగు

రెండవ సమూయేలు పదకొండో అధ్యాయాన్ని ఈ మెట్ల వరసలో చదవండి. రాజులు యుద్ధానికి వెళ్లే కాలం. దావీదు యోవాబును పంపి తాను యెరూషలేములో ఉండిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మేడ మీద తిరుగుతున్నాడు. చూశాడు. అంతటితో ఆగలేదు, ఆమె ఎవరని ఆరా తీయించాడు. ఆమె ఊరియా భార్య బత్షెబ అని జవాబు వచ్చింది. ఊరియా అప్పుడు దావీదు కోసం యుద్ధంలో ఉన్నాడు. ఆ జవాబే ఆయనకు తెరిచి పెట్టిన తలుపు, అందులోంచి బయటపడవచ్చు. ఆయన మనుషుల్ని పంపి ఆమెను రప్పించాడు.

ఆ తరవాత కథ వేగం అందుకుంటుంది. గర్భం సంగతి కప్పిపుచ్చడానికి ఊరియాను రప్పించడం, అతను ఇంటికి వెళ్లకుండా రాజద్వారం దగ్గరే పడుకోవడం, తాగించినా వెళ్లకపోవడం, చివరికి అతని చావు ఉత్తరం అతని చేతికే ఇచ్చి యోవాబు దగ్గరికి పంపడం. ఒక చూపును కప్పడానికి ఒక హత్య. చాలా ప్రసంగాల్లో తప్పు బత్షెబ మీదికి నెడతారు. నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన ఉపమానంలో ఆమె స్థానంలో ఉన్నది పేదవాడు బిడ్డలా పెంచుకున్న గొర్రెపిల్ల. ఆ గొర్రెపిల్ల చేసిన తప్పేమీ లేదు. నాతాను వేలు చూపింది ఒక్క మనిషి వైపే.

ఐగుప్తులో యోసేపు సంగతి దీనికి ఎదురుగా పెట్టి చూడాలి. పోతీఫరు భార్య ఒక్కరోజు కాదు, దినదినమూ అడిగింది. యోసేపు ముందే మాట తేల్చి చెప్పాడు: యజమాని నమ్మాడు, దేవుడున్నాడు. ఆమె దగ్గర ఉండటానికి కూడా ఒప్పుకోలేదు. చివరికి ఆమె పట్టుకుంటే పైబట్ట ఆమె చేతిలోనే వదిలి పారిపోయాడు. నిలబడి వాదించలేదు, తన ఆత్మబలం ఎంతో పరీక్షించుకోలేదు. కొన్ని చోట్ల కాళ్లకు పని చెప్పడమే విశ్వాసం. ఇంకో సంగతి మనం తరచుగా దాటేస్తాం. ఆ గెలుపుకు యోసేపుకు దొరికింది బహుమతి కాదు, జైలు. శోధనను గెలిస్తే వెంటనే మేలు జరుగుతుందన్న లెక్క పెట్టుకున్నవాడు మొదటి నష్టానికే వెనక్కి తిరుగుతాడు.

ఎడారిలో మధ్యాహ్నం

నాలుగో శతాబ్దపు ఎవాగ్రియస్‌కు ఈ పరుగు సొంత అనుభవం. నేటి టర్కీలో ఉన్న పొంతు ప్రాంతంలో పుట్టాడు. కాన్‌స్టాంటినోపుల్ నగరంలో డీకనుగా మంచి పేరున్న పండితుడు. అక్కడ గొప్పింటి వివాహిత ఒకామె మీద మనసుపడ్డాడు, ఆమెకూ ఇష్టమే. పోరాడి అలసిపోయి ఓడెక్కి యెరూషలేముకు పారిపోయాడు. ఊరు మారినా మనసు వెంటే వచ్చింది. మళ్లీ పాత డాబు, మళ్లీ ఊగిసలాట. పెద్ద జ్వరంతో నెలల తరబడి మంచాన పడ్డాక, మెలానియా అనే భక్తురాలు అడిగితే దాచింది విప్పి చెప్పాడు. ఆ తరవాతే ఐగుప్తు ఎడారికి వెళ్లి, 399లో చనిపోయేదాకా సన్యాసుల మధ్య బతికాడు. పారిపోవడం మొదటి అడుగు, విప్పి చెప్పడం రెండో అడుగు.

మనిషిని పడేసే తలంపులను ఆయన ఎనిమిదిగా విడదీశాడు: తిండియావ, కామం, ధనాశ, దుఃఖం, కోపం, విసుగు, కీర్తికాంక్ష, గర్వం. తరవాత పోపు గ్రెగొరీ కాలంలో ఈ పట్టిక మారి ఏడు ఘోరపాపాలుగా స్థిరపడింది. తెలుగువాళ్లకు అరిషడ్వర్గాలు గుర్తుకురావడం సహజం, కామ క్రోధ లోభ మదాలు రెండు చోట్లా ఉన్నాయి. ఎవాగ్రియస్ పట్టికలో మనకు కొత్తగా తగిలేది విసుగు. ఎడారిలో అది ఉదయం పది గంటల ప్రాంతంలో వచ్చి రెండింటి దాకా కూర్చుంటుందట. సూర్యుడు కదలడం మానేసినట్టుంటుంది. రోజుకు యాభై గంటలేమో అనిపిస్తుంది. సన్యాసి కిటికీ వైపు చూస్తాడు, బయటికొచ్చి పొద్దు ఎంతైందో చూస్తాడు, ఎవరైనా వస్తున్నారేమో చూస్తాడు. ఈ చోటు బాగోలేదు, ఈ పని బాగోలేదు, ఇక్కడ ఎవరికీ ప్రేమ లేదు అనుకుంటాడు. పదిహేను వందల ఏళ్లు దాటాయి. కిటికీ బదులు ఫోను తెర వచ్చింది, అంతే. రాత్రి చేసే చాలా పాపాలకు నారు పోసేది ఈ మధ్యాహ్నపు విసుగే.

తలంపులు రావడం, రాకపోవడం మన చేతిలో లేదనీ, అవి తిష్ఠ వేయడం, వేయకపోవడం మన చేతిలో ఉందనీ ఆయన బోధ. దాని కోసం ఆయన ఒక పుస్తకమే కూర్చాడు. దాదాపు 500 రకాల తలంపులకు ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక బైబిలు మాట, తలంపు మాట్లాడితే మనం జవాబివ్వడానికి. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. అరణ్యంలో యేసు ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండంలోవే, ఆరు, ఎనిమిది అధ్యాయాల్లోవి. ఆ అధ్యాయాలు ఇశ్రాయేలీయులు అరణ్యంలో నలభై ఏళ్లు పడ్డ శోధనల గురించినవి. వాళ్లు ఓడిన చోట, వాళ్లకు చెప్పిన మాటలతోనే ఆయన గెలిచాడు. అపవాది కూడా కీర్తనల్లోంచి వాక్యం చెప్పాడన్నది గుర్తుంచుకోవాలి. వాక్యం నోటికి రావడం ఒకటి, దాని కింద తల వంచడం ఒకటి. మన ట్రెజరరుకు వాక్యాలు రాకనా?

'ఇప్పుడే వద్దు'

ఇక్కడిదాకా చదివి 'జాగ్రత్తలు పాటిస్తే చాలన్నమాట' అనుకుంటే సగమే అర్థమైనట్టు. మిగతా సగం అగస్టీను జీవితంలో ఉంది. ఉత్తర ఆఫ్రికాలో 354లో పుట్టాడు. పదహారో ఏట స్నేహితులతో కలిసి పొరుగు తోటలో పియర్ పళ్లు దొంగిలించాడు. ఆకలితో కాదు, వాటిలో చాలావరకు పందులకు పారేశారు. నలభై దాటాక 'ఒప్పుకోలు' రాస్తూ ఆ చిన్న దొంగతనం దగ్గర పేజీలకు పేజీలు ఆగిపోయాడు. తప్పు పని అన్న రుచి కోసమే తప్పు చేశానన్నది ఆయన్ని అంతగా కలవరపెట్టింది. కోరిక లేని చోట కూడా మనిషి ఎర వెతుక్కుంటాడు. మందు పైపూతతో పోయే జబ్బు కాదది.

యౌవనంలో తనకు పవిత్రత ప్రసాదించమని ప్రార్థిస్తూనే ఇప్పుడే వద్దని వేడుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. మన డిసెంబరు 31 రాత్రి ఆరాధనలు గుర్తు చేసుకోండి. పన్నెండు కొట్టే వేళ మోకాళ్ల మీద తీర్మానాలు, చేతిలో కొత్త ఏడాది వాగ్దాన వచనం. సంక్రాంతికి ఆ తీర్మానం ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. అబద్ధమాడి తీర్మానించలేదు. కోరేవాడూ మనమే, అడ్డుపడేవాడూ మనమే. చేయాలనుకున్న మేలు చేయలేక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని రోమా పత్రిక ఏడో అధ్యాయంలో వినిపించే మొర ఇదే.

386లో మిలాన్‌లో ఒక తోటలో అగస్టీను పోరు తెగింది. ఏడుస్తున్నవాడికి పక్కింట్లోంచి పిల్లల గొంతు, తీసి చదవమన్నట్టు వినబడింది. రోమా పత్రిక పదమూడో అధ్యాయం తెరిచాడు. మరుసటి ఏడు ఈస్టరుకు అంబ్రోసు చేత బాప్తిస్మం పొందాడు. తాను గెలవలేదు, తనను ఎవరో గెలిపించారు అన్నది ఆయన జీవితాంతం నిలబెట్టిన సాక్ష్యం. మనిషి తలచుకుంటే పాపం మానగలడని బోధించిన పెలాగియస్‌తో ఆయన వాదం అక్కడి నుంచే వచ్చింది. 418లో కార్తేజి సభ పెలాగియస్ పక్షపు బోధను తోసిపుచ్చింది. చరిత్రలో ఆ తగాదా ముగిసినా మన గుండెల్లో ముగియలేదు. పడినప్పుడు 'ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించాల్సింది' అనుకుంటాం. నిలబడినప్పుడు 'చూశావా నా భక్తి' అనుకుంటాం. రెండూ పెలాగియస్ మాటలే.

మరి జాగ్రత్తలు ఎందుకు? రైతు దుక్కి దున్నుతాడు, గట్టు వేస్తాడు, కలుపు తీస్తాడు. వాన మాత్రం కురిపించలేడు. వాన తన చేతిలో లేదు కదా అని దున్నడం మానేసిన రైతునూ, దున్నాను కాబట్టి వాన నాదేనన్న రైతునూ ఎక్కడా చూడం.

ఖాళీ ఇల్లు నిలవదు

యేసు చెప్పిన ఒక చిన్న కథలో అపవిత్రాత్మ వదిలిపోయిన ఇల్లు ఊడ్చి, సర్ది, ఖాళీగా ఉంటుంది. పోయింది ఏడుగురిని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది. ఆ ఇంటి తప్పు మురికి కాదు, ఖాళీ. శ్రమదినాల నలభై రోజులు సిగరెట్టు మానినవాడు ఈస్టరు సాయంత్రం రెండు వెలిగించడం ఈ కథకు మన ఊరి రూపం. మానడం నేర్చుకున్నాడు గానీ ఆ చోట మరొకటి పెట్టలేదు.

పందొమ్మిదో శతాబ్దపు స్కాట్లండ్ బోధకుడు తామస్ చామర్స్ ఒక ప్రసిద్ధ ప్రసంగంలో ఇదే చెప్పాడు: లోకం ఎంత వ్యర్థమో ఎన్నిసార్లు చెప్పినా మనసు దాన్ని వదలదు, దానికంటే పెద్ద ప్రేమ వస్తేనే పాతది జరిగి చోటిస్తుంది. అందుకే పోరు పట్టికలో 'చేయకూడనివి' మాత్రమే ఉంటే ఓటమి ఖాయం. రాత్రి పదకొండుకు ఫోను పక్కన పెట్టమంటే చాలదు. ఆ వేళకు ఏముంది? భార్యతో మాటలా, పిల్లలతో ప్రార్థనా, తెల్లవారు లేచి చేసే పనికి కావలసిన నిద్రా? ఆరాధన, ప్రభువు బల్ల, జబ్బుపడ్డవాళ్ల ఇంటికి వెళ్లడం ఇవన్నీ పాపానికి మందులుగా మింగేవి కావు. ఇంటిని నింపేవి.

ఎవరితో చెప్పాలి

మన సంఘాల్లో సాక్ష్యం చెప్పడం పాత అలవాటు. ఒక్కసారి ఆ సాక్ష్యాల కాలం గమనించండి. 'ఒకప్పుడు తాగేవాణ్ని' అంటారు. 'ఈ వారం పడిపోయాను' అన్నవాళ్లు కనబడరు. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం మాత్రం ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకుని ఒకరి కోసం ఒకరు ప్రార్థించమంటుంది. 1738లో జాన్ వెస్లీ తన చిన్న గుంపులకు నియమాలు రాసినప్పుడు వారం వారం అడగాల్సిన ప్రశ్నలు పెట్టాడు: గత కూడిక నుంచి తెలిసి చేసిన పాపం ఏమిటి, ఎదురైన శోధన ఏమిటి, ఎలా బయటపడ్డావు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పన్నెండు మెట్లలోనూ, తప్పును దేవుడితో, తనతో, ఇంకొక మనిషితో ఒప్పుకోవడం ఒక మెట్టు. ఇంకొక మనిషి ఎందుకు? గదిలో దేవుడితో ఒప్పుకున్నామనుకున్నది చాలాసార్లు మనతో మనం ఒప్పుకుని మనల్ని మనం క్షమించుకోవడమే అవుతుంది. ఎదురుగా ముఖం ఉంటే నోరు తడబడుతుంది. ఆ తడబాటులోనే గాలం ఊడుతుంది.

అయితే మైకులో చెప్పమని కాదు. నోరు జారని మనిషి, తానూ పడి లేచిన మనిషి, మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు, ఒకరు చాలు. తాగుడు ఒంటిని పట్టేస్తే ప్రార్థనతోపాటు డాక్టరు కావాలి, అది విశ్వాసలోపం కాదు. పాపం ఇంకొకరి ఒంటినో సొమ్మునో గాయపరిస్తే దాన్ని ప్రార్థన గదిలోనే ముగించకూడదు. 'దేవుడు క్షమించేశాడు, ఇంకా రచ్చెందుకు' అని పెద్దలు బాధితుల నోరు నొక్కడం ఇంకో పాపం. జక్కయ్య యేసు ముందు పెట్టింది కన్నీళ్లు కాదు, లెక్క: అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు.

బొగ్గుల మంట దగ్గర

ఇన్ని చెప్పుకున్నా పడతాం. పడ్డ తరవాతి గంట చాలా ముఖ్యం. ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు పడ్డారు. యూదా తాను పాపం చేశానని నోటితోనే ఒప్పుకున్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగిచ్చేశాడు. కానీ ఒప్పుకున్నది ప్రధాన యాజకుల దగ్గర. దాంతో మాకేం పని, నువ్వే చూసుకో అన్నారు వాళ్లు. అతను ఒంటరిగా వెళ్లి ప్రాణం తీసుకున్నాడు. మన సంఘానికి పడినవాడొకడు వచ్చి చెబితే ఏం జవాబు వస్తుందో ప్రతి సంఘ కాపరీ, ప్రతి పెద్దా తమను తాము అడగాల్సిన ప్రశ్న ఇది.

పేతురు చలికి బొగ్గుల మంట దగ్గర నిలబడి ముమ్మారు ఎరగనన్నాడు. ఏడ్చాడు గానీ మిగతా శిష్యులను వదిలిపోలేదు. ఆ తరవాత సరస్సు ఒడ్డున యేసు మళ్లీ బొగ్గుల మంట వేసి, దాని మీద చేప పెట్టి, అతన్ని భోజనానికి పిలిచాడు. కొత్త నిబంధనలో బొగ్గుల మంటకు ఆ గ్రీకు మాట ఈ రెండు చోట్లే ఉంది. పడ్డ చోటు వాసన మళ్లీ తగిలే చోట కూర్చోబెట్టి, మూడు ఓటములకు మూడు ప్రశ్నలు అడిగాడు. మూడుసార్లూ ప్రేమ గురించే అడిగాడు. ఆపైన గొర్రెలను అప్పగించాడు.

కాబట్టి ఈ రాత్రి పెద్ద తీర్మానం ఏదీ చేయకండి. ఒక కాగితం తీసుకుని మీకు వేసే ఎర పేరు రాయండి. అది ఏ గంటకు, ఏ గదిలో, ఎలాంటి అలసటలో వస్తుందో పక్కన రాయండి. నమ్మదగిన ఒక్క మనిషికి ఫోను చేసి, ఆ కాగితంలో ఉన్నది చదివి వినిపించండి. బెండు ఇంకా వణుకుతూనే ఉంది, మునగలేదు.